కార్తీక పౌర్ణమి నాడు వదిలిన చేప

నాకు నోరు ఎక్కువని మా ఆయన పెళ్లైన నాటి నుంచీ అంటున్నారు. నిజంగా అంత నోరే ఉంటే ఒక మాటని పదకొండు రోజుల పాటు గొంతులో పెట్టుకుని తిరగగలిగేదాన్నా? తిరిగాను. అన్నం సయించలేదు, పప్పులో రెండుసార్లు ఉప్పు వేశాను. ఆ మాట ఒక చేప గురించి.

మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. నా పేరు పుణ్యవతి. మా ఆయన శ్రీనివాసరావు గారు సచివాలయంలో ఉద్యోగి, అమ్మాయి ఉమాశ్రీ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్. పుప్పాలగూడలో ఫ్లాట్ కొనుక్కుని వచ్చినప్పుడు నేను చూసింది మార్బుల్ కాదు, మాడ్యులర్ కిచెనూ కాదు. వెనక బాల్కనీలోంచి కనిపించే చెరువు చూసి సరే అన్నాను. నీళ్లు కనబడకపోతే నాకు ఊరన్నట్టే ఉండదు.

గృహప్రవేశం నాడు వాస్తు చూసిన పెద్దమనిషి ఈశాన్యంలో చేపల తొట్టి పెట్టమన్నాడు. పెట్టాం. షాపువాడు రంగు చేపలతో పాటు నల్లటి చేపపిల్ల ఒకటి ఇచ్చాడు. దాని పేరు ట్యాంక్ క్లీనర్, గాజుకి పట్టిన పాకుడు నాకేస్తుందట. అది రోజంతా గాజుకి నోరు అంటించుకుని కదలకుండా ఉండేది. ఉమాశ్రీ దానికి సోంబేరి అని పేరు పెట్టింది. ఒకసారి తొట్టి మూత జారి పడి దాని తోక పై కొస తెగింది. వారం రోజులు నేను కంగారుపడ్డాను గానీ, దానికేం పట్టలేదు.

ఏడాదిన్నర తిరిగేసరికి వేలెడు చేప జానెడైంది. రాత్రింబవళ్లు రాళ్లు తిరగేసేది, రంగు చేపల్ని మూలకి తోసేది. షాపువాడు వెనక్కి తీసుకోనన్నాడు. చెత్తబుట్టలో వేయడానికి నాకు చేతులు రాలేదు. చేపలు తినే ఇంట్లోనే పుట్టాను, కానీ పేరు పెట్టి పిలిచిన చేపని పులుసు పెట్టుకుంటామా? అందుకని 2007లో కార్తీక పౌర్ణమి సాయంత్రం, చెరువులో దీపం వదలడానికి వెళ్తూ దాన్ని కూడా బకెట్లో తీసుకెళ్లాను. తల మీద చిటికెడు పసుపు, కుంకుమ అద్ది, "హాయిగా బతుకమ్మా" అని నీళ్లలో వదిలాను. కళ్లు చెమర్చాయి. ఒక ప్రాణిని కాపాడానని ఆ రాత్రి ఎంత తృప్తిగా పడుకున్నానో చెప్పలేను.

పక్క ఫ్లాటు అనసూయమ్మ గారు, ప్రొద్దుటూరు వాళ్లు, అది చూశారు. వాళ్ల తొట్టిలోనూ అలాంటివి రెండు పెరిగిపోయి ఉన్నాయి. మరుసటి కార్తీకానికి ఆవిడ తెచ్చారు. ఆ పై ఏడు ఇంకో తొమ్మిది ఇళ్ల వాళ్లు తెచ్చారు. నాలుగో ఏటికి అది మా అపార్ట్‌మెంట్ ఆనవాయితీ అయి కూర్చుంది. 'జలచరాలను వదులు కార్యక్రమం, సాయంత్రం ఆరు గంటలకు, పులిహోర ప్రసాదం కలదు' అని నోటీసు బోర్డు మీద పెట్టేవారు. మొదలుపెట్టింది పుణ్యవతి గారే అని అందరూ మెచ్చుకుంటుంటే నేను వద్దనలేదు.

ఇక నర్సింహ సంగతి. పుప్పాలగూడ పాత ఊళ్లో జాలర్ల వాడ మనిషి. తాత, తండ్రి, తను, మూడు తరాలుగా ఆ చెరువులోనే వల వేస్తున్నారు. ప్రతి ఆదివారం నాకు చేపలు తెచ్చి ఇచ్చేది అతనే. మేం కొర్రమీను అంటాం, వాళ్లు కొర్రమట్ట అంటారు. పేరు మీద ఇద్దరం ఎన్నిసార్లు వాదించుకున్నామో లెక్కలేదు, కూరలోకి వచ్చాక మాత్రం వాదన ఉండేది కాదు. మృగశిర కార్తె, వాళ్ల మాటలో మిరుగం, మొదటి రోజున ఈ నగరంలో చేప ముక్క తినని ఇల్లుండదు. ఆ రోజు చెరువు ఇచ్చేదే నర్సింహకి ఏడాదికి ఆధారం.

2011లో ఆ రోజు పొద్దున్నే నర్సింహ వచ్చాడు. చేతిలో కొర్రమీను లేదు. భుజాన చిరిగిన వల, చేతిలో బకెట్. తలుపు దగ్గరే గొంతుక్కూర్చున్నాడు.

"ఏందక్కా గిది? ఎన్నడన్న చూసినవా?" అని బకెట్ నా ముందుకి జరిపాడు.

మూరెడు చేప. నల్లటి పెంకు లాంటి చర్మం, మెడ పక్కన ముళ్లు, కింద గుండ్రటి నోరు. బకెట్ గోడకి ఆ నోరు అంటించుకుని కదలకుండా ఉంది. సోంబేరి జాతే.

"రెండేండ్ల సంది ఒకటొకటి పడుతుండె. ఇయ్యాల వలేస్తె అన్నీ గివే. కొర్రమట్ట రెండంటె రెండే పడ్డయి," అన్నాడు నర్సింహ. "వల్ల పడితె వల తెగుడే. కొంగ మింగది, కుక్క ముట్టది, మనిషి తినడు. అడుగున నాచంత నాకుతది, నాచుతోని మా చేపల గుడ్లు గుడ పోతున్నయి. కట్టకు బొక్కలు తవ్వి అండ్ల దాని గుడ్లు మాత్రం పైలంగ పెట్టుకుంటది."

"మరి ఏం చేస్తావు నర్సింహా?" అన్నాను.

"ఏం జేస్త? గీ అద్దాల బిల్డింగు కాడ సెక్యూరిటి పని ఉన్నదట. మేస్త్రి డ్రెస్సు గుడ తెచ్చిచ్చిండు. ఇగ వలలు అటక మీద పడేసుడే. మా తాత ఏడుస్తడేమో పైన."

అతను నవ్వుతూనే అన్నాడు గానీ ఆ నవ్వు చూడలేక నేను వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తెచ్చాను. నీళ్లిచ్చాను, నిజం మాత్రం ఇవ్వలేదు.

ఆ రాత్రి ఉమాశ్రీ కంప్యూటర్లో వెతికి చెప్పింది. "ఇది దక్షిణ అమెరికా నదుల చేపమ్మా. అక్కడ దీన్ని తినే జంతువులు ఉన్నాయట, ఇక్కడ లేవు. అక్వేరియంలోంచి చెరువుల్లోకి వదిలిన వాళ్ల వల్లే చాలా దేశాల్లో జాలర్లు దెబ్బతిన్నారట." మా ఆయన పేపరు దించి, "ఆ వదిలిన వాళ్లలో ఒకరి పేరు బయటికి రాకుండా చూడు," అన్నారు. హాస్యానికి అనలేదు. ఆ రోజులు అలాంటివి. తెలంగాణ కోసం రోజూ ఊరేగింపులు, రాస్తారోకోలు. ఆంధ్రా అనే మాట వినబడితే ఆయన ఆఫీసులో తల వంచుకుని ఫైలు చూసుకునేవారు. ఎవరూ మమ్మల్ని పల్లెత్తు మాట అనలేదు. అంటారేమోనన్న భయం మాత్రం మాతో పాటే తిని మాతో పాటే పడుకునేది.

పదకొండో రోజున వంటావార్పు వచ్చింది. నగరమంతా రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని నిరసన తెలిపే కార్యక్రమం. మా సందు చివర మెయిన్ రోడ్డు మీద కూడా రాళ్ల పొయ్యిలు లేచాయి. నర్సింహ భార్య మల్లమ్మ మా ఇంటికొచ్చి, "అక్కా, చేపల పులుసు నువ్వే కలపాలె. నా చేతిల పులుపు కుదరది," అంది. మా ఆయన కళ్లతోనే వద్దన్నారు. నేను కొంగు దోపుకుని బయలుదేరాను. పులుసు కలపమని పిలిస్తే వెళ్లకుండా ఉండడం నా వల్ల కాదు.

రోడ్డు మీద పండగలా ఉంది. డప్పులు, పాటలు, పక్కనే ఆఫీసు క్యాబుల్లోంచి దిగి నిలబడి తింటున్న పిల్లలు. చేపలు మాత్రం మార్కెట్ నుంచి తెచ్చినవి, ఆంధ్రా చెరువుల్లో పెంచినవి. చింతపండు పిసికి పులుసు పోశాను. మల్లమ్మ పక్కన కూర్చుని కారం ఇంకా కావాలంది, వేశాను. మొదటి గరిటె వడ్డించాక ఒకాయన, నర్సింహ వాడవాడే, మాట ఎత్తాడు.

"మన చెరువు చేప తినక ఎన్ని దినాలాయె! ఆ దయ్యం చేప ఎక్కడిది? ఆంధ్ర చేపనే గది. మన కొర్రమట్టను ఖతం జేసి, వాళ్ల చేపలు మనకు అమ్మెటందుకు లారీల తెచ్చి పోసిన్రు!"

నలుగురు అవునన్నారు. నర్సింహ అన్నం కలుపుకుంటున్నాడు. నేను గరిటె కింద పెట్టాను. పెట్టకుండా ఉండాల్సింది.

"అయ్యా, ఏ చేపని ఏమంటున్నారు?" అన్నాను. "మా గోదావరి జిల్లాల్లో ఏ కాలవలోనైనా అలాంటి దరిద్రపు చేప ఉందేమో చూపించండి! అది దక్షిణ అమెరికాది. లారీల్లో తెచ్చి ఎవరూ పోయలేదు. దాన్ని మీ చెరువులో వదిలింది నేను! నేనే, పసుపూ కుంకుమా పెట్టి మరీ వదిలాను!"

డప్పు కొడుతున్న అతని చెయ్యి ఆగిపోయింది. నోట్లోంచి మాట వచ్చాక అది ఎంత పెద్దదో నాకు అప్పుడు తెలిసింది. కానీ నిజం చెప్పొద్దూ, గొంతులో ఇరుక్కున్న ముల్లు జారిపోయినంత హాయిగా కూడా ఉంది.

"పసుపు కుంకుమ పెట్టినవా?" అంది మల్లమ్మ. "చేపకా?"

"తల మీద," అన్నాను.

మల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగడం చూసి ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోంది. ఆమెను చూసి పక్కామె, ఆమెను చూసి ఇంకొకామె నవ్వారు. లారీల మాట ఎత్తినాయన కూడా, "ఇగ లారీలు లేవు, బకెట్లే!" అని మూతి తుడుచుకున్నాడు. నర్సింహ నవ్వలేదు. విస్తరి మడిచి, లేచి వెళ్లిపోయాడు. చెయ్యి కడుక్కోవడానికి కూడా ఆగలేదు. వాళ్లందరి నవ్వు నన్ను కాపాడింది గానీ, అతను అలా వెళ్లిపోవడం నన్ను కుంగదీసింది. ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని ఏడ్చాను.

మర్నాడు తెల్లవారగానే నర్సింహ తలుపు తట్టాడు.

"అక్కా, నీ చేతితోనే ఇడిచినవ్ గద?"

"అవును నర్సింహా."

"అయితె నీ చేతితోనే పట్టు. వానలు ఇంక పడలే. నీళ్లు మోకాలి లోతే ఉన్నయి. బొక్కలల్ల చేతులు పెట్టి గుంజితె వస్తయి. ఇప్పుడు పట్టకుంటె మల్ల వచ్చే ఎండకాలం దాక కుదరది. మేం ఆరుగురమే ఉన్నం, సరిపోం. వస్తవా, రావా?"

"వస్తాను. నేను ఒక్కదాన్నే కాదు," అన్నాను.

నోటీసు బోర్డు మీద పాత నోటీసు పక్కనే కొత్తది నేనే రాసి అంటించాను: 'జలచరాలను పట్టు కార్యక్రమం, ఉదయం ఆరు గంటలకు, పులిహోర లేదు'. అది చాలదని ఇంటింటికీ వెళ్లాను. ఎవరెవరు ఏ ఏడు ఏం వదిలారో నాకు తెలుసు, తప్పించుకోనివ్వలేదు. అనసూయమ్మ గారు, "నేను వదిలినేవి శానా చిన్నవిలే పుణ్యవతమ్మా," అని నసిగారు. "అవి ఇప్పుడు మీ అంత అయ్యాయి, రండి," అన్నాను. ఆవిడ చీర ఎగ్గట్టుకుని అందరికంటే ముందు దిగారు. ఉమాశ్రీ ఆఫీసుకి సెలవు పెట్టింది. మా ఆయన ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, గోనెసంచి పట్టుకుని గట్టు మీద నిలబడ్డారు. ఆ మాత్రం వస్తారని నేను అనుకోలేదు.

బురదలో దిగగానే నా చేతులకి చిన్నతనం గుర్తొచ్చింది. మా ఊరి కాలవ కట్టేసినప్పుడు బొరియల్లో చెయ్యి పెట్టి మట్టగిడసలు పట్టేదాన్ని. చేతికి గోనెగుడ్డ చుట్టుకుని, మెల్లగా లోపలికి పోనిచ్చి, మెడ ముళ్లు తగలకుండా తోక దగ్గర బిగించి లాగాలి. మొదటిది లాగి గట్టు మీదకి విసిరేసరికి నర్సింహ తలెత్తి చూశాడు. నాలుగోది విసిరాక, "ఆంధ్ర అక్క ఏం పడుతున్నదిరా!" అని తన వాళ్లకి చెప్పాడు. ఆ మాట వినడానికి అంత బాగుంటుందని నేనెప్పుడూ అనుకోలేదు.

ఆరు పొద్దులు పట్టాం. మధ్యలో బురదలో దాక్కున్న కొర్రమీనులు కూడా దొరికాయి, మూడు జంటలు. నర్సింహ వాటిని అమ్మలేదు, తినలేదు. చెరువు నిండేదాకా ఎక్కడ పెట్టాలో తెలియక తల గోక్కున్నాడు. మా అపార్ట్‌మెంట్ ముందు బిల్డర్ కట్టిన ఫౌంటెన్ ఒకటుంది, ఫ్లాట్లు అమ్ముడుపోయిన నాటి నుంచి చుక్క చిమ్మింది లేదు. అందులో బోరు నీళ్లు నింపి, బురద వేసి, పైన వల కప్పి, కొర్రమీనుల్ని అక్కడ పెట్టాం. నర్సింహ రోజూ వచ్చి చిన్న పరక చేపలు మేత వేసేవాడు. వాచ్‌మన్ దాని పక్కనే కుర్చీ వేసుకుని కాపలా కాసేవాడు.

ఆరో రోజున కట్ట కింద ఒక పెద్ద బొరియలో నా చేతికి బరువైంది తగిలింది. రెండు చేతులా లాగాను. మూరన్నర ఉంది. తోక పై కొస తెగి ఉంది.

"సోంబేరి!" అంది ఉమాశ్రీ.

గట్టు మీద పడేస్తే అది దగ్గర్లో ఉన్న రాయికి నోరు అంటించుకుంది. అచ్చం మా ఈశాన్యం మూలలో ఉన్నట్టే ఉంది. పట్టినవాటిని నర్సింహ వాళ్లు కర్రతో ఒక్క దెబ్బ వేసి గోతిలో పూడుస్తున్నారు. అతను కర్ర ఎత్తి, నా ముఖం చూసి ఆగాడు.

"నేను కొడ్తలే అక్కా. నువ్వు అటు తిరుగు."

"వద్దు," అన్నాను. "ఇలా ఇవ్వు."

కర్ర తీసుకున్నాను. దాని తప్పేముంది? ఎక్కడో నదిలో పుట్టాల్సింది షాపులో పుట్టింది. అక్కడి నుంచి నా ఇంటికి, నా ఇంటి నుంచి ఈ చెరువుకి వచ్చింది. బతకమన్నాను, బతికింది. ఇదంతా చేసింది నా జాలి. ఆ జాలికి మూడు తరాల వలలు తెగాయి. ఒక్క దెబ్బే వేశాను. తర్వాత అక్కడే బురదలో కూర్చుని ఏడ్చాను, ఎవరు చూస్తున్నారని చూసుకోలేదు. మల్లమ్మ వచ్చి నా చేతులు కడిగింది.

అన్నీ పోయాయని అనడం లేదు. "పోవక్కా, కొన్ని ఉంటయి. ఏడాదికోసారి మిరుగానికి ముందు పట్టాలె," అని నర్సింహ ముందే చెప్పాడు. సరే అన్నాం. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ ఆనవాయితీ అది. కార్తీక పౌర్ణమికి దీపాలు మాత్రమే వదులుతున్నాం. గట్టు మీద నర్సింహ నిలబడి ఒక్కొక్కరి పళ్లెంలోకి తొంగి చూస్తాడు.

ఆ జులైలో వానలు కుమ్మేశాయి. చెరువు నిండాక మూడు జంటల్నీ తీసుకెళ్లి వదిలాం. ఈసారి పసుపు, కుంకుమ పెట్టలేదు. సెప్టెంబర్‌లో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, ఆఫీసులు మూతపడ్డాయి. మా ఆయన ఇంట్లో కూర్చుని నా వంటకి వంకలు పెడుతుండగా ఒక పొద్దున నర్సింహ ఫోన్ చేశాడు.

"అక్కా, జర జల్ది కట్ట మీదికి రా. సారును గుడ తీస్కరా."

వెళ్లాం. నర్సింహ లుంగీలో ఉన్నాడు, భుజాన కొత్త వల ఉంది. నీళ్లలోకి కొంచెం దూరంలో ఒక కర్ర పాతి, దానికి నీలం చొక్కా తొడిగి ఉంది. జేబు మీద సెక్యూరిటీ అని తెల్ల అక్షరాలు. కొంగలు రాకుండా పెట్టాడట.

"మేస్త్రికి తిరిగి ఇవ్వలేదా?" అన్నాను.

"ఇస్తనంటె ఉంచుకొమ్మన్నడు. డ్యూటీ చేస్తున్నది గద," అన్నాడు. "అటు కాదు, గీడ చూడు."

చొక్కా కింద నీళ్ల మీద ఎర్రటి మరక. గాలి లేకుండానే మెల్లగా కదులుతోంది. కళ్లు చిట్లించి చూస్తే మరక కాదు, వందల కొద్దీ కొర్రమీను పిల్లలు, ఎర్రగా, ఒక్క ముద్దగా. వాటి కింద పెద్ద నల్లటి నీడలు రెండు కాపలా తిరుగుతున్నాయి. పిల్లలు పెద్దవై చెదిరిపోయేదాకా ఆ మూల ఎవరూ వల వేయకూడదట, అతని తాత నాటి కట్టుబాటు.

మా ఆయన చాలాసేపు చూశారు. ఆయన ఏ మాటనైనా తూకం వేసి మాట్లాడే రోజులు కదా, మెల్లగా అడిగారు. "నర్సింహా, ఇవి మీ చేపలేనా?"

"మీవి మావి ఏంది సారూ?" అన్నాడు నర్సింహ, నీళ్ల మీంచి చూపు తిప్పకుండానే. "మన ఫౌంటెన్లయే గద."

మా ఆయన చెప్పులు విడిచి, కట్ట మీద అతని పక్కన కూర్చున్నారు. నాకు నోరు ఎక్కువే, ఒప్పుకుంటున్నాను. ఆ పూట మాత్రం ముగ్గురిలో ఎవరం మాట్లాడలేదు, ఎండెక్కేదాకా పిల్లల్ని చూస్తూ ఉండిపోయాం.